ఉద్యోగం మానేశాక రావలసిన డబ్బు: ఆఖరి జీతం, గ్రాట్యుటీ, పీఎఫ్ రాబట్టుకోవడం ఎలా

రాజీనామా ఇచ్చి బయటికొచ్చాక తిప్పలు మొదలవుతాయి. హెచ్‌ఆర్ వాళ్లు ఫోనెత్తరు. ఎత్తినా ‘అకౌంట్స్‌లో పెండింగ్ ఉంది, వచ్చే వారం చూద్దాం’ అంటారు. ఆ వచ్చే వారం ఆర్నెల్లయినా రాదు. ఈలోగా మనిషి విసిగిపోయి, పోతేపోయిందిలే అనుకుంటాడు. చాలా యాజమాన్యాలు ఎదురుచూసేది సరిగ్గా ఆ విసుగు కోసమే. ఏళ్ల తరబడి చేసిన చాకిరీకి రావలసిన డబ్బు వాళ్లు దయతో పెట్టే భిక్ష కాదు, చట్టం రాసిచ్చిన బాకీ. దాన్ని వసూలు చేసుకునే దారి ఇక్కడ వరసగా చెబుతాను. ప్రైవేటు బడి టీచరైనా, ఫ్యాక్టరీ కార్మికుడైనా, షాపింగ్ మాల్‌లో సేల్స్‌మన్ అయినా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా దారి దాదాపు ఒకటే.

ముందు చట్టం సంగతి. 2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్, పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తి భద్రత–ఆరోగ్యం–పని పరిస్థితుల కోడ్ అనే ఈ నాలుగూ 29 పాత చట్టాల స్థానంలో వచ్చాయి. వేతన చెల్లింపుల చట్టం, 1972 నాటి గ్రాట్యుటీ (ఏళ్ల సర్వీసుకు యజమాని ఒకేసారి ఇచ్చే మొత్తం) చట్టం వాటిలో కలిసిపోయాయి. ‘ఆ చట్టం ఇప్పుడు లేదండీ’ అని ఎవరైనా అంటే కంగారుపడకండి. చట్టం పేరు మారిందే తప్ప హక్కు పోలేదు. కొన్నిచోట్ల పెరిగింది కూడా.

ఉద్యోగంలో ఉండగానే కాగితాలు పోగేయండి

మిగతా అడుగులన్నీ దీనిమీదే నిలబడతాయి, అందుకే దీన్ని ముందు చెబుతున్నాను. లేబర్ ఆఫీసులో అధికారి అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత రావాలి?’ అన్నది కాదు. ‘అక్కడ పనిచేసినట్టు ఏముంది నీ దగ్గర?’ అన్నది. యాజమాన్యం తరఫు వకీలు కూడా ముందు దానిమీదే పడతాడు. ‘ఈయనెవరో మాకు తెలీదు’ అన్న ఒక్క మాటతో కేసు ఏళ్లు సాగదీయవచ్చు.

అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటే అంతకు మించింది లేదు. కొత్త కోడ్ ప్రకారం ప్రతి ఉద్యోగికీ ఆ లెటర్ ఇచ్చితీరాలి. ఎన్నో ఏళ్లుగా లెటర్ లేకుండా పనిచేస్తున్నవాళ్లకూ ఇవ్వాల్సిందే. మీకు లేకపోతే ఇప్పుడే మెయిల్ పెట్టి అడగండి. ఇవ్వకపోయినా అడిగినట్టు ఆధారం మిగులుతుంది. పే స్లిప్పు ఇవ్వడం కూడా యజమాని బాధ్యతే. ప్రతి నెలా దాన్ని మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. ఆఫీసు మెయిల్‌లోనే ఉంచుకుంటే చివరి రోజు సాయంత్రానికి లాగిన్ ఆగిపోతుంది, దాంతోపాటు మీ సాక్ష్యమూ పోతుంది.

ఇవేవీ లేనివాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంటే ప్రాణం. అందులో డబ్బు పంపిన సంస్థ పేరు ఉంటుంది, తేదీలు ఉంటాయి. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్‌ఐ కార్డు, ఐడీ కార్డు రెండు వైపుల ఫొటో, హాజరు పట్టీ ఫొటో, సూపర్‌వైజర్ డ్యూటీ వేస్తూ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు కూడా పనికొస్తాయి. జీతం చేతికి నగదుగా తీసుకునేవాళ్లు అదే రోజు ఆ డబ్బును తమ ఖాతాలో వేసుకోవడం అలవాటు చేసుకుంటే నెలనెలా ఒక జాడ ఏర్పడుతుంది.

ఒక మంచి విషయం ఉంది. వేతనాల కోడ్ కింద జీతం ఇవ్వలేదని మీరు ఫిర్యాదు చేస్తే, ఇచ్చామని రుజువు చేసే భారం యజమానిదే. మీరు అక్కడ పనిచేశారని చూపగలిగితే చాలు, ఆపైన చెమటోడ్చాల్సింది వాళ్లే.

రాజీనామా రాతపూర్వకంగా, తేదీతో

నోటిమాటగా ‘రేపట్నుంచి రానండీ’ అని వచ్చేయకండి. అలా వస్తే ‘చెప్పాపెట్టకుండా మానేశాడు’ అని రికార్డులో రాసుకుంటారు. రాజీనామా ఇచ్చిన తేదీ, నోటీసు కాలం, ఆఖరి పనిదినం మూడూ ఉండేలా మెయిల్ పెట్టండి. కాగితం మీద ఇస్తే రెండో ప్రతిపై ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ల్యాప్‌టాప్, తాళాలు, యూనిఫాం, టూల్స్ అప్పగించినప్పుడు కూడా రసీదు తీసుకోండి. తర్వాత ‘వస్తువులు తిరిగివ్వలేదు కాబట్టి ఆపాం’ అనే సాకు చాలా ఎక్కువగా వినిపిస్తుంది.

ఇక్కడే ఇంకొకటి జరుగుతుంది. చివరి రోజున టేబుల్ మీద ఒక కాగితం పెడతారు: ‘నాకు రావలసిన మొత్తం పూర్తిగా ముట్టింది. ఇకపై సంస్థతో నాకు ఎటువంటి లావాదేవీలూ లేవు.’ డబ్బు మాత్రం ఇంకా రాదు. ‘ఫార్మాలిటీ అండీ, సంతకం పెడితేనే ప్రాసెస్ అవుతుంది’ అంటారు. పెట్టకండి. తప్పనిసరై పెట్టాల్సివస్తే సంతకం పక్కనే మీ చేత్తో ‘నేటికి డబ్బు ముట్టలేదు, గ్రాట్యుటీ బకాయి ఉంది’ అని రాసి తేదీ వేసి, ఫొటో తీసుకోండి. సంతకం చేసేసినవాళ్లు కూడా ఆశ వదులుకోవద్దు. చట్టం ఇచ్చిన గ్రాట్యుటీని ఇలాంటి కాగితంతో యజమాని కొట్టేయలేడు. కాకపోతే వాదన పెరుగుతుంది, కాలం పోతుంది.

ఏమేం రావాలో ఒక తెల్లకాగితం మీద లెక్క వేయండి

లెక్క తెలియకుండా వెళితే వాళ్లు చెప్పిందే లెక్క అవుతుంది.

ఆఖరి జీతం: రాజీనామా ఇచ్చినా, తీసేసినా, సంస్థ మూతపడినా రెండు పనిదినాల్లోగా జీతం బకాయి ఇచ్చేయాలని వేతనాల కోడ్ చెబుతోంది. ‘ఫుల్ అండ్ ఫైనల్‌కు (ఆఖరి లెక్క తేల్చడానికి) 45 రోజులు పడుతుంది, అది మా పాలసీ’ అనే మాట జీతం బకాయికి చెల్లదు. పాత వేతన చెల్లింపుల చట్టం నెలకు 24,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ గీత లేదు, మేనేజరు కూడా దీని కింద అడగవచ్చు. నోటీసు కాలం పూర్తిచేయలేదని కోత పెట్టాలంటే ఆ షరతు అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉండాలి.

సెలవుల డబ్బు: కార్మికుల కోవలోకి వచ్చేవాళ్లకు ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున ఆర్జిత సెలవు వస్తుంది. వాడుకోకుండా మిగిలినవాటికి ఉద్యోగం వదిలేటప్పుడు డబ్బు కట్టివ్వాలి.

గ్రాట్యుటీ: ఎక్కువ డబ్బు దీనిలోనే ఉంటుంది, ఎక్కువ ఎగవేతా దీనిలోనే. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఏ సంస్థకైనా గ్రాట్యుటీ వర్తిస్తుంది. ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉండాలి. ఉద్యోగి చనిపోయినా, ప్రమాదం వల్లో జబ్బు వల్లో పనిచేయలేని స్థితికి వచ్చినా ఐదేళ్ల షరతు ఉండదు. ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలం) కాంట్రాక్టు మీద నేరుగా సంస్థలో చేరినవాళ్లకు కొత్త కోడ్ ప్రకారం ఏడాది పనిచేస్తే చాలు, పనిచేసిన కాలానికి తగ్గట్టు వస్తుంది. ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేసి మానేసినా ఐదేళ్లు నిండినట్టేనని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఉంది. ఆ తీర్పు తమకు వర్తించదని వాదించే యాజమాన్యాలూ ఉన్నాయి. కాబట్టి నాలుగేళ్ల తొమ్మిది నెలల దగ్గర మానేయాలనుకుంటున్నవాళ్లు, వీలుంటే మరో మూడు నెలలు ఓపిక పట్టడం మేలు.

లెక్క ఇది: ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. చివర్లో మిగిలిన నెలలు ఆరు దాటితే పూర్తి ఏడాదిగా లెక్క, దాటకపోతే వదిలేయాలి. గరిష్ఠ పరిమితి 20 లక్షల రూపాయలు.

మరి వేతనం అంటే ఏది? ఇన్నాళ్లూ సంస్థలు బేసిక్‌ను చిన్నదిగా చూపించి మిగతాది అలవెన్సుల్లోకి నెట్టేవి. కొత్త నిర్వచనం దానికి అడ్డుకట్ట వేసింది. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం లాంటి మినహాయింపులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని తిరిగి వేతనంలో కలపాలి.

ఒక టీచరమ్మ లెక్క చూద్దాం. ప్రైవేటు బడిలో 2017 జూన్ 12న చేరి 2026 జనవరి 10న మానేశారనుకోండి. నెల జీతం 30,000. అందులో బేసిక్ 9,000 మాత్రమే. మిగతా 21,000 ఇంటి అద్దె, ప్రయాణం వగైరా భత్యాలు. పాత పద్ధతిలో 9,000 మీదే లెక్క కట్టేవారు. ఇప్పుడు సగం, అంటే 15,000 వేతనంగా తీసుకోవాలి. సర్వీసు ఎనిమిదేళ్లు పోను ఇంకా ఆర్నెల్లు దాటింది కనుక తొమ్మిదేళ్లు. 15,000ను 26తో భాగించి, 15తో, 9తో గుణిస్తే దాదాపు 77,885 రూపాయలు. యాజమాన్యం 9,000 మీద ఎనిమిదేళ్లకే లెక్క కట్టి ఇస్తే చేతికొచ్చేది 41,538. ‘ఇంతేనా’ అని అడగడం తెలియకపోతే 36 వేలకు పైగా పోయినట్టే.

బడి టీచర్లకు ఇంకో రెండు మాటలు చెప్పాలి. టీచర్లకు గ్రాట్యుటీ లేదని ఇప్పటికీ చెప్పే కరస్పాండెంట్లు ఉన్నారు. అది అబద్ధం. 2009 సవరణతో 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకు గ్రాట్యుటీ వర్తించింది. ఆ సవరణను సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో సమర్థించింది. రెండోది, ఏప్రిల్‌లో తీసేసి జూన్‌లో కొత్తగా చేర్చుకున్నట్టు రాసి, మే జీతం ఎగ్గొట్టి, ఏటా సర్వీసు తెగినట్టు చూపించే అలవాటు. ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగిన కాలం సర్వీసును తెంచదు. జబ్బు, సెలవు, లేఆఫ్, లాకౌట్ కూడా అంతే. కాబట్టి ప్రతి ఏటి హాజరు, జీతం జమ వివరాలు మీ దగ్గరుంటే ఆ నాటకం సాగదు.

బాండు తెంచుకున్నారని, నోటీసు ఇవ్వలేదని, పోటీ సంస్థలో చేరారని గ్రాట్యుటీ ఆపడానికి వీల్లేదు. సంస్థ ఆస్తికి నష్టం కలిగించి ఉద్యోగం పోగొట్టుకుంటే ఆ నష్టం మేరకు కోయవచ్చు. హింసకు పాల్పడినందుకో, విధుల్లో ఉండగా నైతిక పతనం కిందికొచ్చే నేరం చేసినందుకో తీసేస్తే పూర్తిగానో కొంతో ఆపవచ్చు. అంతే.

పీఎఫ్: దీనిలో గొడవ తక్కువ, తప్పులు ఎక్కువ. మానేయకముందే యూఏఎన్‌తో (మీ పీఎఫ్ నంబరుతో) లాగిన్ అయి పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ పడిందో లేదో చూసుకోండి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పీఎఫ్ రికార్డుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. తేడా ఉంటే ఉద్యోగంలో ఉండగా దిద్దించుకోవడం తేలిక, బయటికొచ్చాక యాతన. మానేసిన తేదీని యజమాని నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు.

జీతంలోంచి పీఎఫ్ కోసి కట్టకపోవడం మామూలు బాకీ కాదు. అది నమ్మకద్రోహం కిందికి వచ్చే నేరం. పే స్లిప్పులో కోత, పాస్‌బుక్‌లో ఖాళీ పక్కపక్కన పెట్టి ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ నడిపే సంస్థ) గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. కొత్త ఉద్యోగం దొరికితే మాత్రం డబ్బు తీసేయకుండా కొత్త ఖాతాకు మార్చుకోమనే చెబుతాను. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, మధ్యలో తీసుకున్నవాళ్లకు ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఐదేళ్లు నిండకుండా 50,000 మించి తీస్తే టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయ పన్ను) కూడా కోస్తారు.

రాతపూర్వకంగా అడగండి

ఫోన్లు చేసి అలసిపోకండి. ఒక్క ఉత్తరం పది ఫోన్ల పెట్టు. ఇలా రాస్తే చాలు:

‘అయ్యా, నేను మీ సంస్థలో 2017 జూన్ 12 నుంచి 2026 జనవరి 10 వరకు ఉపాధ్యాయురాలిగా పనిచేసి రాజీనామా చేశాను. నా ఆఖరి నెల మొత్తం జీతం 30,000 రూపాయలు. నాకు జనవరి నెల 10 రోజుల జీతం, గ్రాట్యుటీ 77,885 రూపాయలు రావలసి ఉంది. జీతం బకాయిని వెంటనే, గ్రాట్యుటీని చట్టం చెప్పిన 30 రోజుల గడువులోగా కింద రాసిన బ్యాంకు ఖాతాలో జమ చేయగలరు. గడువు దాటితే వడ్డీతో సహా రాబట్టుకోవడానికి లేబర్ అధికారులను ఆశ్రయిస్తానని తెలియజేస్తున్నాను.’

దీంట్లో కోపం లేదు, బతిమాలడమూ లేదు. తేదీలు, అంకెలు, గడువు మాత్రమే ఉన్నాయి. తిట్లు, పాత గొడవలు కలిపితే అసలు విషయం పక్కకు పోతుంది. గ్రాట్యుటీకి నిర్ణీత దరఖాస్తు ఫారం ఉంటుంది, దాన్నీ నింపి జతచేయండి. ఒక ప్రతి మెయిల్‌లో, ఒకటి పోస్టులో పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటర్‌లో రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు అని అడగండి. రసీదు, అందినట్టు ఆధారం రెండూ దాచుకోండి.

గ్రాట్యుటీ చెల్లించాల్సిన రోజు నుంచి 30 రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీ పడుతుంది. పాత చట్టం కింద అది ఏడాదికి 10 శాతం. దరఖాస్తు ఆలస్యమైంది కాబట్టి ఇవ్వం అనే సమాధానం వస్తే ఒప్పుకోకండి. తగిన కారణం ఉంటే ఆలస్యమైన దరఖాస్తునూ తీసుకోవాలి.

ఉత్తరానికి పలకకపోతే లేబర్ ఆఫీసు

ఏ ఆఫీసుకు వెళ్లాలన్నది ముందు తేల్చుకోవాలి. తప్పుడు ఆఫీసులో కేసు వేసి నెలలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. స్థానిక బడి, ఆసుపత్రి, షాపు, ఫ్యాక్టరీ లాంటివైతే రాష్ట్ర కార్మిక శాఖ. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్లు, వాళ్ల పైన అసిస్టెంట్ కమిషనర్లు ఉంటారు. బ్యాంకులు, బీమా, రైల్వే, గనులు, టెలికం లాంటివి కేంద్రం పరిధి. గ్రాట్యుటీ విషయంలో ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో శాఖలున్న సంస్థ కూడా కేంద్రం కిందికే వస్తుంది. అంటే మీరు పనిచేసింది విజయవాడలోనే అయినా సంస్థకు చెన్నైలో శాఖ ఉంటే, వెళ్లాల్సింది కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయానికి. కేంద్రం పరిధిలోవాటికి కేంద్ర కార్మిక శాఖ సమాధాన్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు.

జీతం బకాయి, గ్రాట్యుటీ రెండూ ఉంటే రెండు వేర్వేరు దరఖాస్తులు వేయండి. వాటిని విచారించే అధికారాలు వేరు. జీతం క్లెయిమ్‌కు మూడేళ్ల గడువు ఉంది. బకాయితోపాటు దానికి పదింతల వరకు పరిహారం వేసే అధికారం విచారణాధికారికి ఉంది. మీ బదులు మీరు సభ్యులైన రిజిస్టర్డ్ యూనియన్ కూడా క్లెయిమ్ వేయవచ్చు.

కాంట్రాక్టర్ కింద పనిచేసినవాళ్లు కాంట్రాక్టర్‌ను, అసలు సంస్థను ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, అంటే అసలు సంస్థ, కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ నుంచి వసూలు చేసుకోవడం వాళ్ల పని. మాయమైన కాంట్రాక్టర్ కోసం మీరు ఊళ్లు తిరగక్కర్లేదు.

మిమ్మల్ని అన్యాయంగా తీసేశారన్నది అసలు గొడవైతే అది పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద వేరే దారి. అక్కడ గడువు రెండేళ్లే, పాత చట్టంలో మూడేళ్లుండేది. పాత లెక్కలో ఉండి ఆలస్యం చేయకండి.

వాయిదాలకు తప్పకుండా వెళ్లండి. మొదటి ఒకట్రెండు వాయిదాల్లోనే చాలా సంస్థలు రాజీకొస్తాయి. ‘సగం తీసుకో, కేసు వెనక్కి తీసుకో’ అంటే మీ తెల్లకాగితం లెక్క బయటికి తీయండి. వడ్డీ వదులుకోవాలా అన్నది మీ ఇష్టం, అసలు మాత్రం వదలకండి. రాజీకి ఒప్పుకుంటే అధికారి ముందే రాసుకుని, డబ్బు ఖాతాలో పడ్డాకే ముగించండి.

వకీలు ఫీజుకు భయపడి ఆగిపోవద్దు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది.

ఉద్యోగి చనిపోయిన కుటుంబాలకు ఒక మాట. సర్వీసు ఐదేళ్లు లేకపోయినా గ్రాట్యుటీ వస్తుంది. సర్వీసులో ఉండగా పోయుంటే పీఎఫ్‌తోపాటు ఈడీఎల్‌ఐ బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల వరకు, పెన్షన్ పథకం కింద కుటుంబ పెన్షన్ కూడా ఉంటాయి. ఇవి మూడూ అడగాలి. పుట్టెడు దుఃఖంలో పీఎఫ్ ఒక్కటే తీసుకుని ఊరుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మీకు తెలిసిన అలాంటి ఇల్లుంటే వెళ్లి చెప్పండి.

ఆర్డరు వచ్చాక

అధికారి మీకు అనుకూలంగా ఆర్డరు ఇచ్చినా యజమాని కట్టకపోవచ్చు. గ్రాట్యుటీ ఆర్డరు మీద అప్పీలుకు పోవాలంటే ఆ మొత్తాన్ని ముందు డిపాజిట్ చేయాలి కాబట్టి, ఊరికే సాగదీయడానికి అప్పీలు వేయడం కష్టం. అప్పీలూ వేయక, డబ్బూ కట్టకపోతే అదే అధికారి దగ్గర రికవరీ సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టండి. ఆ సర్టిఫికెట్ కలెక్టరుకు వెళుతుంది, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. అడిగితే తప్ప ఇది దానంతటది కదలదని గుర్తుంచుకోండి. రెవెన్యూ సిబ్బంది ఎక్కడ జప్తు చేయాలో తెలియక ఫైలు పక్కన పెట్టేస్తుంటారు. అందుకే దరఖాస్తుతోపాటు యజమాని ఆస్తుల వివరం మీరే ఒక కాగితం మీద రాసివ్వండి: సంస్థ నడిచే భవనం చిరునామా, సంస్థ పేరు మీదున్న వాహనాల నంబర్లు, మీ జీతం ఏ బ్యాంకు ఖాతా నుంచి వచ్చేదో ఆ వివరాలు. చివరిది మీ పాత బ్యాంకు స్టేట్‌మెంట్‌లోనే దొరుకుతుంది.